పగోడా కప్పులు, కాగితపు కొడుకులు

శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో గ్రాంట్ ఎవెన్యూ, కాలిఫోర్నియా స్ట్రీట్ కలిసే చోట ఎదురెదురుగా రెండు బిల్డింగులుంటాయి. సింగ్ చాంగ్, సింగ్ ఫాట్ అని వాటి పేర్లు. నెత్తిన పగోడా, వంపు తిరిగిన చూరు, ఎరుపూ ఆకుపచ్చా రంగులు. టూరిస్టులు ఫోన్లు పైకెత్తేది వీటి దగ్గరే. వీటిని కట్టింది 1906 భూకంపం తర్వాత. డిజైన్ చేసినవాళ్ళు టి. పాటర్సన్ రాస్ అనే ఆర్కిటెక్టు, ఎ. డబ్ల్యూ. బర్గ్రెన్ అనే ఇంజినీరు. ఇద్దరూ తెల్లవాళ్ళే. రాస్ చైనా ఎప్పుడూ చూడలేదు. కాస్త దూరం జరిగి చూస్తే సంగతి అర్థమవుతుంది: కిందంతా ఆ కాలపు మామూలు అమెరికన్ ఇటుక కట్టడం, పైన మాత్రం టోపీ పెట్టినట్టు ఒక చైనా. అదీ సినిమా సెట్‌లో ఉండే లాంటి చైనా.

ఇంతవరకూ తెలిసినవాళ్ళు "ఓహో, అంతా ఫేకన్నమాట" అని నవ్వేసి ముందుకెళ్ళిపోతారు. కానీ ఈ బిల్డింగు ఎందుకలా ఉందో తెలుసుకుంటే ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు.

1906 ఏప్రిల్ 18న భూకంపం, దాని వెంటే మంటలు. చైనాటౌన్ మొత్తం బూడిదైంది. ఊరి నడిబొడ్డున, మంచి ధర పలికే స్థలంలో చైనావాళ్ళు ఉండటం నగర పెద్దలకి ఎప్పటినుంచో కంటగింపు. ఇదే అదనుగా వాళ్ళని ఊరి చివర హంటర్స్ పాయింట్‌కి తరిమేద్దామని ప్లాన్ వేశారు. చైనా ప్రభుత్వ ప్రతినిధులు అడ్డుపడ్డారు, అద్దెలు పోతాయని తెల్ల ఓనర్లు కూడా గొణిగారు. ఈలోగా లుక్ టిన్ ఎలై అనే వ్యాపారి ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. తెల్లవాళ్ళు మనల్ని చూసి ముక్కు మూసుకుంటున్నారు కదా, చూడటానికి డబ్బులిచ్చి వచ్చేలా కడదాం అన్నాడు. వాళ్ళ ఊహలో చైనా ఎలా ఉంటుందో అలాగే కట్టించాడు. చైనాటౌన్ ఎక్కడికీ కదల్లేదు.

ఈ లుక్ టిన్ ఎలై ఎవరో తెలిస్తే కథ ఇంకా చిక్కబడుతుంది. పుట్టింది కాలిఫోర్నియాలోనే, మెండొసీనోలో. చిన్నప్పుడు చైనా పంపారు. 1884లో, 14 ఏళ్ళ వయసులో తిరిగొస్తే ఓడరేవులో ఆపేశారు. అప్పటికి రెండేళ్ళ క్రితమే చైనా కూలీల రాకని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ పిల్లాడి దగ్గర సరైన కాగితం లేదు. కేసు కోర్టుకెళ్ళింది. ఈ గడ్డమీద పుట్టాడు కాబట్టి పౌరుడే అని తీర్పొచ్చింది. 14 ఏళ్ళ తర్వాత ఇదే చైనాటౌన్‌లో శాక్రమెంటో స్ట్రీట్‌లో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది కూడా అదే. 2025 జనవరి 20న టెంపరరీ వీసాల మీద ఉన్నవాళ్ళ పిల్లలకి జన్మహక్కు పౌరసత్వం లేదంటూ ప్రెసిడెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టినప్పుడు మన హెచ్-1బి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన పేరు ఇదే. చాలామంది తెలుగువాళ్ళు వాంగ్ కిమ్ ఆర్క్ అనే పేరు మొదటిసారి విన్నది అప్పుడే అనుకుంటా.

అంటే, కాగితం లేక రేవులో ఇరుక్కున్న కుర్రాడే పెద్దయ్యాక తన జనానికి ఒక అబద్ధపు కప్పు కట్టించి కాపాడాడు. ఈ పేటని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఇదే. ఇక్కడినుంచి వచ్చిన సాహిత్యాన్ని అర్థం చేసుకోవడానికి కూడా.

చైనీస్ అమెరికన్ సాహిత్యంలో చాలాకాలం నడిచిన తగాదా ఒకటుంది: అసలేది, నకిలీ ఏది. మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ 'ద వుమన్ వారియర్' 1976లో వచ్చింది. మాలతీ చందూర్ పరిచయం చేసే పాత కెరటాల్లాంటి నవల అనుకుని తెరిస్తే కంగు తింటారు. ఆత్మకథ అని అచ్చేశారు గానీ అందులో ములాన్ కథ ఉంది, దయ్యాలున్నాయి, అమ్మ చెప్పిందీ తను ఊహించిందీ కలగలిసిపోయి ఉంటాయి. ములాన్ వీపు మీద అక్షరాలు చెక్కినట్టు రాసిందావిడ. నిజానికి చైనా సంప్రదాయంలో ఆ అక్షరాల కథ యుయే ఫెయ్ అనే సేనానిది. ఫ్రాంక్ చిన్ అనే నాటక రచయిత దీనిమీద విరుచుకుపడ్డాడు. తెల్ల పాఠకుల కోసం మన పురాణాలని మార్చేసి అమ్ముతోందన్నాడు. 1991లో వచ్చిన 'ద బిగ్ ఐయీ' అనే సంకలనంలో అసలు రచయితలు, నకిలీ రచయితలు అని ఏకంగా గీత గీసేశాడు.

మనకి ఈ తగాదా కొత్తేం కాదు. రామాయణాన్ని తిరగరాసిన ప్రతిసారీ మన దగ్గర కూడా ఇదే గోల. కానీ ఫ్రాంక్ చిన్ కోపాన్ని ఛాందసం అని కొట్టిపారేయడం తప్పు. గ్రాంట్ ఎవెన్యూ మీద ఒక గంట నడిస్తే ఆ కోపం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. వీపు గోక్కునే చెక్క చేతులు, డ్రాగన్ టీషర్టులు, బుద్ధుడి బొమ్మలు. రాస్ ఆలీలో వేడివేడిగా మడతపెట్టే ఫార్చూన్ కుకీ, అది పుట్టింది చైనాలో కాదు, జపాన్‌లో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనైతే గైడ్లు టూరిస్టులని నేలమాళిగల్లోకి తీసుకెళ్ళి డబ్బులిచ్చి పెట్టుకున్న మనుషులతో నల్లమందు కొంపల సీన్లు వేయించేవాళ్ళు. చిన్ 1974 నాటి నాటకం 'ద ఇయర్ ఆఫ్ ద డ్రాగన్'లో హీరో ఫ్రెడ్ ఎంగ్ ఒక చైనాటౌన్ టూర్ గైడే. రచయిత అవ్వాలనుకున్న మనిషి, టూరిస్టుల ముందు వాళ్ళకి నచ్చే యాసలో వాగి బతుకుతుంటాడు. ఇంటికొచ్చాక ఆ యాస నోట్లోంచి వదలదు. పగోడా కప్పు కింద బతకడానికి ఎంత మూల్యం చెల్లించాలో ఇంత కసిగా చెప్పిన రచన ఇంకోటి నాకు తగల్లేదు. ఆ నాటకం రాసినవాడే తర్వాత విమర్శకుడిగా మారి ముద్రలు కొట్టే ఆఫీసర్ అయిపోవడం ఒక విషాదం. పరాయి ఊరొచ్చినవాళ్ళని నువ్వు అసలా నకిలీనా అని అడిగే బల్ల అప్పటికే ఒకటుంది. అది ఏంజెల్ ఐలాండ్‌లో ఉంది.

చైనాటౌన్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు వీలైతే మరో రోజు ఫెర్రీ ఎక్కి ఏంజెల్ ఐలాండ్ కూడా వెళ్ళాలి. అది చూడకపోతే చైనాటౌన్ సగమే అర్థమవుతుంది. 1910 నుంచి 1940 వరకు పసిఫిక్ మీదుగా వచ్చినవాళ్ళని, ముఖ్యంగా చైనావాళ్ళని, అక్కడ వారాలూ నెలలూ కట్టిపడేసి విచారించేవాళ్ళు. మన దేశంవాళ్ళు కూడా ఆ బారకాసుల్లో ఉన్నారు. 1906 మంటల్లో సిటీ హాల్లోని జనన రికార్డులు కాలిపోవడం చైనావాళ్ళకి ఒక సందు ఇచ్చింది. నేను ఇక్కడే పుట్టాను, రికార్డు కాలిపోయింది, చైనాలో నాకు కొడుకులున్నారు అని చెప్పుకోవచ్చు. లేని కొడుకుల పేరు మీద కాగితం పుడుతుంది. ఆ కాగితాన్ని ఇంకొకరి కొడుకు కొనుక్కుంటాడు. వీళ్ళనే 'పేపర్ సన్స్' అన్నారు. కాగితపు కొడుకులు.

అధికారులకి అనుమానం రాకుండా ఉంటుందా? ఇంటర్వ్యూలు భయంకరంగా ఉండేవి. మీ ఊళ్ళో బావి ఇంటికి ఎటువైపుంది, మీ వీధిలో ఎన్ని ఇళ్ళు, బియ్యం డబ్బా ఎక్కడ పెడతారు. తండ్రినీ కొడుకునీ వేరువేరుగా అడిగి జవాబులు సరిపోల్చేవాళ్ళు. అందుకని ఓడలో వస్తూ వస్తూ బట్టీ పట్టడానికి గైడు పుస్తకాలుండేవి. రేవు దగ్గరపడగానే వాటిని సముద్రంలో పారేసేవాళ్ళు. ఇక్కడ నాకొచ్చే సందేహం ఒక్కటే, వీటిని సాహిత్యం అనకపోతే ఇంకేమనాలి? ఒక ఊరు, ఒక కుటుంబం, మూడు తరాల చరిత్ర, ఎక్కడా కంటిన్యుటీ తప్పకూడదు. తప్పితే రచయిత తిరుగు ఓడ ఎక్కాలి.

ఆ బారకాసుల చెక్క గోడల మీదే పద్యాలు చెక్కారు. సంప్రదాయ చైనా ఛందస్సుల్లో, 200కి పైగా. పైన రంగులు పూసేసినా అక్షరాలు పోలేదు. 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్క్ రేంజర్ వాటిని గమనించాడు. కూల్చేయాల్సిన బిల్డింగు అలా నిలిచింది. హిమ్ మార్క్ లై, జెనీ లిమ్, జూడీ యంగ్ కలిసి 1980లో 'ఐలాండ్' పేరుతో వాటిని అనువదించి పుస్తకం వేశారు. ఆడవాళ్ళని ఉంచిన బిల్డింగు 1940లోనే కాలిపోయింది. వాళ్ళు గోడలమీద ఏమైనా రాసుకుంటే అవి కూడా దాంతో పోయాయి.

ఈ పద్యాలని చరిత్ర సాక్ష్యంగా గౌరవించి పద్యాలుగా వదిలేయడం మామూలు. నాకది నచ్చదు. నిజమే, చాలావాటిలో ఒకటే గోడు. బందీనయ్యాను, దేశం బలహీనమైంది, ఎప్పటికైనా పగ తీర్చుకుంటాను. పాత వీరుల పేర్లే మళ్ళీ మళ్ళీ. ఆధునిక కవిత్వం కళ్ళతో చూస్తే అరిగిపోయిన పోలికలు. కానీ మనకి చాటుపద్యం అనే కొలబద్ద ఉంది. రాసిందెవరో తెలియదు, సందర్భమే ప్రాణం, పాత సామానుతోనే పని, ఒకరి పద్యానికి మరొకరు జవాబు కడతారు. ఏంజెల్ ఐలాండ్ గోడమీద కూడా అంతే. ఒకడు రాసిన దాని పక్కన వాడి వెనకాల వచ్చినవాడు అదే ప్రాసలో అందుకుంటాడు. పగలంతా విచారణ గదిలో కల్పిత కుటుంబం గురించి చెప్పినవాళ్ళు, రాత్రి గోడ దగ్గర మాత్రం నిజమైన ఏడుపు ఏడ్చారు. ఆ నిజం చెప్పడానికి వాళ్ళు వాడింది అందరిదీ అయిన అరువు భాష. అక్కడ సంతకం పెడితే ప్రమాదం కూడాను.

గోడల సంగతి ఇలా ఉంటే, గోడ దాటి లోపలికొచ్చినవాళ్ళ సంగతి ఏంటి? దీనికి నాకు తెలిసిన బెస్ట్ జవాబు ఫే మయెన్ ఇంగ్ నవల 'బోన్', 1993లో వచ్చింది.

ఈ నవలలో పగోడాలు దాదాపు కనపడవు. టూరిస్టు బస్సులోంచి చూసేవాళ్ళకి మేమెలా కనపడతామో అని నేరేటర్ లీలా ఒకచోట అనుకుంటుంది గానీ, ఆమె నడిచేది వెనక సందుల్లో. నిజం చైనాటౌన్‌లో కూడా ఇంతే. గ్రాంట్ నుంచి ఒక్క బ్లాకు పైకెక్కితే స్టాక్టన్ స్ట్రీట్, వేరే ఊరే. చేపల తొట్లు, గులాబీ రంగు ప్లాస్టిక్ సంచులు, తోసుకుంటూ వెళ్ళే ముసలమ్మలు. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్తే గ్రాంట్ మీద బొమ్మలా నడిచింది. స్టాక్టన్ మీదకి రాగానే ప్రాణం లేచొచ్చింది. కాకరకాయలు, బీరకాయలు చూసి, పక్కనున్న చైనా ఆవిడతో పాటు గోటితో గిచ్చి లేతవేవో ఏరింది. "ఇదిరా ఊరంటే. అటు పక్కదంతా ఎగ్జిబిషన్" అంది. ఫ్రాంక్ చిన్ ఇన్ని వందల పేజీల్లో చెప్పింది ఇదే.

'బోన్' కథ చిన్నది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు. నడిపిది ఓనా, పేటలోని హౌసింగ్ ప్రాజెక్టు పైనుంచి దూకి చనిపోయింది. పెద్దది లీలా కథ చెబుతుంది. చిన్నది నీనా న్యూయార్క్ వెళ్ళిపోయింది. తల్లి కుట్టుపని చేస్తుంది. సవతి తండ్రి లియోన్ ఓడల మీద పనిచేసేవాడు, కాగితపు కొడుకు. తాత లియాంగ్ అనే ముసలాయన కొడుకుగా కాగితం కొనుక్కుని వచ్చాడు. బదులుగా ఆయన పోయాక ఎముకల్ని చైనా పంపిస్తానని మాటిచ్చాడు. పంపలేదు. స్మశానంలో ఇప్పుడు ఆ ఎముకలు ఎక్కడున్నాయో విడిగా దొరకవు. ఓనా చావుకి ఆ మాట తప్పడమే కారణమని లియోన్ నమ్ముతాడు.

కథ వెనక్కి నడుస్తుంది. ముందు జరిగింది చివర్లో వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది అలవాటైన చదువే, స్టాక్ ట్రేస్ చదివినట్టు కిందకి దిగుతూ పోతాం, అడుగున కారణం దొరుకుతుందని. ఈ నవల ఆ ఆశ పెట్టి అడుగున ఖాళీ చూపిస్తుంది. ప్రేమించినవాడిని లియోన్ కాదన్నాడా, ఆ కుర్రాడి తండ్రి వ్యాపారంలో మోసం చేశాడా, తల్లి వేరే మగాడితో తిరిగిందా, ఎముకలా? అన్నీ ఉన్నాయి, ఏదీ సరిపోదు. నిజం చెప్పాలంటే ఓనా పాత్ర మరీ పొగలా మిగిలిపోవడం నాకు లోటుగానే అనిపించింది. లీలా భర్త మేసన్ మరీ మంచివాడు, అలాంటివాళ్ళు మెకానిక్ షాపుల్లో ఉంటే మనకింత ఇబ్బంది ఉండేది కాదు.

కానీ లియోన్ సూట్‌కేసు దగ్గర నవల పూర్తిగా పైచేయి సాధిస్తుంది. ముసలితనంలో సోషల్ సెక్యూరిటీ డబ్బులకి అప్లై చేయాలి. తీరా చూస్తే ఆయన జీవితంలో ఒక్కోచోట ఒక్కో పేరు, ఒక్కో పుట్టినరోజు. నువ్వెవరో నిరూపించు అంటుంది ఆఫీసు. లీలా ఆయన సూట్‌కేసు తెరిస్తే లోపల ఏళ్ళ తరబడి దాచుకున్న కాగితాలు. మిలిటరీలో తీసుకోం, ఉద్యోగం లేదు, ఇల్లు అద్దెకివ్వం అని వచ్చిన ఉత్తరాలన్నీ. ఒక్కటీ పారేయలేదు. తన అసలు కాగితం దొంగదైనప్పుడు, తనని కాదన్న కాగితాలే మనిషి ఇక్కడ ఉన్నాడనడానికి సాక్ష్యం. అబద్ధం ఆయన్ని సముద్రం దాటించింది, ఆ తర్వాత జీవితాంతం ఇంట్లో ఇంకో మనిషిలా కూర్చుంది. లుక్ టిన్ ఎలై కప్పు గురించి మురిసిపోయేవాళ్ళూ (నాతో సహా), చిన్‌లా మండిపడేవాళ్ళూ ఇద్దరూ చెప్పని సంగతి ఇది.

1956 నుంచి ప్రభుత్వం ఒప్పుకోలు పథకం ఒకటి నడిపింది. అసలు పేరు చెప్పేస్తే దయ చూస్తామన్నారు. ఒకడు ఒప్పుకుంటే వాడి కాగితపు చుట్టాలందరూ బయటపడతారు. ఇంగ్ తర్వాతి నవల 'స్టీర్ టువర్డ్ రాక్', 2023లో వచ్చిన ఆత్మకథ 'ఆర్ఫన్ బాచిలర్స్' ఆ నొప్పి చుట్టూనే తిరుగుతాయి. ఆవిడ సొంత తండ్రిది కూడా అదే కథ.

ఇక మన సంగతి. తెలుగువాళ్ళకి కాగితం మీద ఇంకో మనిషిగా ఉండటం తెలియనిదేం కాదు. సర్టిఫికెట్ ప్రకారం మన పెద్దవాళ్ళలో సగం మంది జూన్, జూలైల్లోనే పుట్టారు, బళ్ళో వేసిన పంతులుగారి పుణ్యాన. అది సరదా. సరదా కానిది ఇంకోటుంది. చేయని ప్రాజెక్టులు రెజ్యూమేలో, లేని మూడేళ్ళ అనుభవం, బట్టీ పట్టే ప్రశ్నల డంపులు, ఒకరి బదులు ఇంకొకరు ఇచ్చే ఇంటర్వ్యూలు. అమెరికాలో తెలుగు ఐటీ చుట్టూ తిరిగినవాళ్ళెవరికీ ఇది రహస్యం కాదు. దీన్నీ అప్పటి చైనావాళ్ళ పరిస్థితినీ ఒకే గాటన కట్టను. వాళ్ళకి జాతి పేరు పెట్టి తలుపేశారు, వేరే దారి లేదు. మనకి ఇండియాలో ఉద్యోగం ఉంది, తిరుగు టికెట్ ఉంది. పైగా ఆ అబద్ధంలో పక్కవాడి ఉద్యోగం కొట్టేయడం కూడా ఉంది. అయినా రేవులో ఆఫీసరు ముందు నిలబడ్డప్పుడు గుండె కొట్టుకునే తీరు ఒకటే.

మన అమెరికా కథల్లో ఈ మనిషి ఏడీ? నేను చదివినంతలో మంచులో ఒంటరైన తల్లిదండ్రులున్నారు, తెలుగు రాని పిల్లలున్నారు, ఊళ్ళో మిగిలిపోయిన మామిడిచెట్టు ఉంది. తప్పుడు రెజ్యూమే ఉన్నవాడు కనపడితే కామెడీ ట్రాకులోనో, నీతి చెప్పే చివరి పేరాలోనో కనపడతాడు. పదేళ్ళ తర్వాత వాడు మేనేజరై, కొత్తగా వచ్చిన కుర్రాడి రెజ్యూమే చూస్తూ అందులో తన పాత అబద్ధాన్నే గుర్తుపట్టిన సాయంత్రం గురించి కథ లేదు. గ్రీన్ కార్డు ఫైలు తెరిచిన ప్రతిసారీ వాడి భార్య ఏమనుకుంటుందో లేదు. చైనావాళ్ళు ఎక్కువగా ఒక్క తైషాన్ ప్రాంతం నుంచి వచ్చినట్టే మనవాళ్ళలోనూ చాలామందిది ఫలానా నాలుగైదు జిల్లాల నుంచి వచ్చిన వరస. అందరికీ అందరూ తెలుసు. రాస్తే ఎవరో ఒకరు బయటపడతారు. చైనాటౌన్‌లో కూడా నోళ్ళు చాలాకాలం మూసుకుపోయింది ఇందుకే. పిల్లలకి కూడా అసలు ఇంటిపేరు చెప్పని ఇళ్ళున్నాయి. ఆ మౌనం మీద ఇంగ్ నవల రావడానికి, నిషేధ చట్టం పోయిన 1943 నుంచి లెక్కేసినా, 50 ఏళ్ళు పట్టింది.

వెళ్ళేవాళ్ళకి నా సలహా, 'బోన్' చదివేసి వెళ్ళండి. డ్రాగన్ గేటు దగ్గర ఫోటో దిగినా పర్లేదు, అది 1970 నాటిదే, పాతది కాదు. తర్వాత స్టాక్టన్ దాటి పసిఫిక్ ఎవెన్యూ మీద పింగ్ యుయెన్ హౌసింగ్ వైపు వెళ్ళండి. బాల్కనీల్లో ఆరేసిన బట్టలుంటాయి. ఓనా దూకింది అలాంటి చోటి నుంచే. పిల్లలు ఆడుకునే ఇల్లది, ఫోన్ కిందకి దించి నడిస్తే మంచిది.

నవల చివర్లో లీలా పెట్టే సర్దుకుని ఇల్లు వదిలి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తుంది. సందు మొదట్లో నీలం రంగు బోర్డు మీద ఇంటి నంబర్లు, పక్కన 'అప్‌స్టెయిర్స్' అని రాయబోయి ఎప్పుడో ఎవరో 'అప్‌డెయిర్' అని రాశారు. తప్పు అలాగే ఉంది. రంగు వెలిసినప్పుడల్లా అదే స్పెల్లింగు మీద మళ్ళీ రంగు వేస్తున్నారు.